మణికట్టు దగ్గర జివ్వు

రాజోలులో ఇంగ్లీషు చెప్పే కృపారావు మాస్టారికి యాభై దాటాక చూపు పోయింది. అయినా ఉద్యోగం మానలేదు. తెరమీద అక్షరాలను పైకి చదివి వినిపించే లాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, పాఠాలు తయారు చేసుకోవడం, పిల్లల కోసం వ్యాకరణం పుస్తకం రాయడం, అన్నీ దానిమీదే సాగిస్తున్నారు.

వానాకాలంలో ఎలుక చార్జరు వైరు కొరికేసింది. భార్య స్టెల్లా అమలాపురం బజారు నుంచి వేరే చార్జరు తెచ్చింది. కంపెనీది కాదుగానీ పిన్ను సరిపోయింది. మాస్టారు దాన్ని చేత్తో ఎత్తి చూశారు.

"మరీ తేలిగ్గా ఉందే!"

"మోసుకెళ్లడానికి సుఖం కదండీ," అంది స్టెల్లా.

మర్నాడు రాస్తూంటే, మణికట్టు లాప్‌టాప్ రేకు అంచుకి ఆనినప్పుడల్లా సన్నగా జివ్వుమంటోంది. చార్జరు తీసేస్తే లేదు. స్టెల్లా వచ్చి అరచెయ్యి ఆనించింది. ఆమెకేమీ తెలియలేదు.

"నరాల నీరసమేమోనండీ. డాక్టరు గారికి చూపిద్దాం."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. చూపు లేనివాడి చేతి స్పర్శని కూడా నమ్మరా అనిపించింది. గొంతు మాత్రం పెంచలేదు.

"నీ కాళ్లకి చెప్పులున్నాయా?"

"ఆయ్, మోకాళ్ల నొప్పికి రబ్బరువి వేసుకుంటున్నాగా."

"నేను ఉత్తకాళ్లతో ఉన్నాను. నువ్విప్పుడే తడిగుడ్డతో తుడిచిన గచ్చు మీద."

ఆయన వారించేలోపే ఆమె చెప్పులు విడిచి, వేలి వెనకభాగం రేకుకి తాకించి, "అమ్మో!" అని వెనక్కి తీసుకుంది. గబగబా స్విచ్చి కట్టేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పొద్దుటి నుంచీ దీన్ని ఒళ్లో పెట్టుకున్నారా? నేనేమో నరాలన్నాను..."

కరెంటు పని చేసే అయ్యప్ప వచ్చి చూశాడు. "ఇందులో నాసిరకం సామాను పెట్టేరండి. కరెంటు లాప్‌టాప్‌లోకి లీకవుతోంది. బయటి చార్జర్లన్నీ ఇలాగే ఉంటాయని కాదండి. వోల్టులు, ఆంపియర్లు పాతదానితో సరిపోయి, ప్రభుత్వం వాళ్ల బీఐఎస్ గుర్తున్నవి ఫర్వాలేదు. ఇది మాత్రం మళ్లీ పెట్టకండి," అన్నాడు. గోడ ప్లగ్గులో వదులైన ఎర్తు వైరు కూడా బిగించి వెళ్లాడు.

కంపెనీ చార్జరు రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా మాస్టారు చెబుతూంటే స్టెల్లా కాగితం మీద రాసింది. ఊరికే రాయలేదు. "ఈ ఉదాహరణ పిల్లలకి అర్థం కాదండీ," అని అడ్డుపడేది. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత ఆమె చెప్పిన వాక్యాలు పెట్టుకున్నారు.

కొత్తది వచ్చాక మణికట్టుకేమీ తగల్లేదు. మాస్టారు తన పని తాను చేసుకుంటున్నారు. ఉదాహరణలు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం వంటింట్లోకి కేకేస్తున్నారు.