మందుగుండు గది దగ్గర మా అన్న బీడీ

మొన్న పొద్దున, తుర్కపల్లి మందుల కంపెనీలో పనిచేసే మా మనవరాలు క్యాబ్ కోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో ఒక వీడియో నా ముందు పెట్టి, "తాతా, నువ్వు పనిజేసిన మ్యూజియం గిదే గదా? గీడ దొర దయ్యం తిరుగుతదంట, సుట్ట వాసనొస్తదంట" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

యుద్ధకాలంలో శత్రువుల ఓడలొస్తాయన్న భయంతో తెల్లదొరలు ఆ మ్యూజియం ఉన్నచోట, సముద్రపు గట్టున ఫిరంగులు నిలబెట్టి, వాటి కింద మందుగుండుకు రాతి గదులు కట్టించారు. యుద్ధం అయిపోయాక అవి గబ్బిలాల పాలయ్యాయి. సర్కారు వాటిని మ్యూజియం చేయబూనినప్పుడు, మా శామీర్‌పేట నుంచి మేస్త్రీ వెంట పోయిన కూలీల్లో అన్నా నేనూ ఉన్నాం. మా చెరువు తప్ప వేరే నీళ్లు చూడని వాళ్లం, ఉప్పుగాలికి కట్టడం లోలోపలే గుల్లబారుతుందని మాకెవరు చెప్పారు? ఒకనాడు గది కప్పు కూలి, అన్న దాని కిందే పోయాడు. గుమ్మం పక్కన పెట్టిన శిలాఫలకంలో ఫిరంగుల బరువుతో సహా చెక్కారు గానీ, అన్న పేరు చెక్కలేదు.

నేను అక్కడే ఊడ్చే పనికి కుదిరాను. ఏటా పెత్రమాస నాడు, పెద్దలకు పెట్టుకునే రోజు గనుక, గేటు తెరవకముందే ఆ గది గడప మీద ఇంత అన్నం పెట్టి, అన్నకిష్టమని ఒక బీడీ ముట్టించి పెట్టేవాణ్ణి. ఒక ఏడు చూడవచ్చినవాళ్లకు ఆ పొగ వాసన తగిలింది. వాళ్లను తిప్పి చూపించే గైడు అప్పటికప్పుడు ఒక దొర దయ్యాన్ని పుట్టించి, తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నోరెత్తకురోయ్, లోపల నిప్పెట్టావని తెలిస్తే నీ పని పోద్ది" అన్నాడు. నోరెత్తలేదు. రిటైరై ఊరికి వచ్చాక కూడా ఎత్తలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పి, అక్కడున్నది దొర కాదు, శామీర్‌పేట కూలీ, మా అన్న అని, పేరుతో సహా ఆ వీడియో కింద రాయించాను. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ దాచబోయింది. గదమాయిస్తే చదివింది. "కూలోని దయ్యాన్ని సూడనీకి టికెట్ ఎవడు కొంటడు?" అని రాశాడట ఎవడో, దానికింద నవ్వులే నవ్వులు.

మా కాలంలో ఏ బావి తవ్వుతూ ఎవరు పోయారో ఊరంతా పేరు పెట్టి చెప్పుకునేది, ఇప్పుడు చచ్చినవాడికీ హోదా కావాలి. బతికినన్నాళ్లు దొరలు కట్టిన గదులకు రాళ్లు మోసిన అన్న, చచ్చాక దొర పేరు మోస్తున్నాడు. నోరెత్తక ఆ బరువు అన్న నెత్తికెత్తింది నేనే.