తిరగమోత లేని చారు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక ఆషాఢమాసంలో, నన్ను పావగడ తాలూకాకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మైసూరు సంస్థానం కొలువులో ఉన్నవాళ్ళు ఆ తాలూకా పేరు వింటే మొహం పక్కకు తిప్పుకునేవారు. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ అనంతపురం జిల్లా, మధ్యలో మహారాజావారి పావగడ. మన తాలూకాకు మనం పోవాలన్నా పరాయి సర్కారు నేల తొక్కాలి. వాన తక్కువ, రాయి ఎక్కువ. అక్కడికి బదిలీ అయినవాణ్ణి చూసి తోటివాళ్ళు, ఏం తప్పు చేశావని అడిగేవారు. నేనే తప్పూ చేయలేదు. అందరికంటే జూనియర్ని, అంతే.

నా ముఖ్యమైన పని మశూచికి టీకాలు వేయించడం. టీకా అంటే పండితులు రాసే వ్యాఖ్యానం కూడా కాబట్టి మా మామగారు తన అల్లుడు టీకాలు చేస్తాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. నేను సరిదిద్దలేదు. బెంగుళూరు నుంచి సన్నని గాజుగొట్టాల్లో మందు వచ్చేది. వేడి తగిలితే అది చచ్చిపోతుంది గనక తడిగుడ్డ చుట్టి కొత్తకుండలో పెట్టి ఎద్దులబండిలో తీసుకుపోయేవాళ్ళం. చేతిమీద చర్మం గీకి మందు రాయడంతో పని అయిపోదు. వారం దాటాక మళ్ళీ ఆ ఊరికి పోయి, పొక్కు లేచిందా లేదా చూడాలి. అంటే ఏ ఊరికైనా రెండుసార్లు పోవాలి. ఏ ఊళ్ళోనైనా రెండుసార్లు తినాలి.

ఈ రెండో నియమం మా మాన్యువల్లో లేదు. నేనే కలుపుకున్నాను. క్యాంపుకు వచ్చిన ఉద్యోగికి పటేలు, అంటే ఊరి పెద్ద, తన ఇంట భోజనం పెట్టించడం వాడుక. పటేలింట తిన్నవాడు పటేలు మనవళ్ళకు టీకా పడలేదని రాయలేడు కదా, అందుకే నేను బయట తింటానని పైవాళ్ళతో చెప్పేవాణ్ణి. మాట నిజమే. కానీ దానికంటే నిజం నా నాలుక. ఊరు చేరగానే నా మొదటి విచారణ రోగం గురించి కాదు, రుచి గురించి. ఆ విచారణకు కరణాన్ని అడగకూడదు, బండివాళ్ళను అడగాలి. ఇంకా మంచిది, ఎద్దులు తమంతట తాము ఎక్కడ ఆగుతాయో చూడాలి.

నా బండి తోలే తిమ్మప్ప ఈ విద్యలో నాకు గురువు. ఓసారి నేను రెండు పల్లెలు వదిలేసి మూడో పల్లెలో పెసరపప్పు బాగుంటుందని బండి మళ్ళించమంటే, "సామీ, మీరు టీకాలకొచ్చినారా, టిఫినుకొచ్చినారా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే.

ఆ తాలూకా మొత్తంలో నాకు దొరికిన గొప్ప చోటు వై.ఎన్.హొసకోట సంతవీధిలో ఓబక్క అంగడి. బోర్డు లేదు, బల్ల లేదు. బోదగడ్డి కప్పు కింద చాపలు, మోదుగాకు విస్తళ్ళు. రాగిసంగటి, ఉలవచారు, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. చారు తెచ్చి ముందు పెట్టాక, ఇనపగరిటెలో నూనె నిప్పులమీద కాగించి, ఆవాలు, చితక్కొట్టిన తెల్లగడ్డలు, ఎండుమిరపకాయ వేసి, అది భగ్గుమంటుండగా మన కళ్ళముందే చారులోకి వంచేది. ఆ చప్పుడు సంతవీధి చివరిదాకా వినిపించేది. మనం తిరగమోత అనేదాన్ని అక్కడ తిరవాత అంటారు. నా ఉద్యోగంలో తిరుగుడు నాది, మోత ఎద్దులది, తిరగమోత మాత్రం ఓబక్కది.

ఓబక్క గొర్రెలు మేపిన ఇంటి కోడలు. భర్త పోయాక మంద పంపకాలైపోతే అంగడి పెట్టుకుంది. మొహాన చిన్నప్పటి మశూచి మచ్చలు. ఒక్కతే కూతురు లింగక్క, పెళ్ళి కావలసిన పిల్ల. రాగులు విసిరేది, సంగటి కెలికేది ఆ పిల్లే. గోడకు అవతల ఓబక్క తోడికోడలు హనుమక్క కాపురం. చూరునీళ్ళు ఎవరి వైపు పడాలన్న తగవుతో ఇద్దరికీ మాటల్లేవు.

ఆ ఏడు భాద్రపదంలో, సంతకు ముందురోజు, మధ్యాహ్నం హొసకోట చేరాను. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో మశూచి ఉందని కబురు. సంతకు ఆ వైపు జనం వస్తారు. వాళ్ళకు టీకాలు వేయాలని ఏర్పాటు. సరే, ముందు భోజనం. ఓబక్క అంగడిలో ఎప్పుడూ చోటు దొరకదు. ఆ రోజు ఊరివాళ్ళు ఒక్కరూ లేరు. దూరప్రాంతపు బండివాళ్ళు ఇద్దరు మాత్రం తింటున్నారు. తిమ్మప్ప లోపలికి తొంగిచూసి, తనకు ఆకలి లేదని బండి దగ్గరికి పోయాడు. తిమ్మప్పకు ఆకలి లేకపోవడం పైకి రిపోర్టు చేయదగ్గ విషయం. నాకు తోచలేదు.

సంగటి వచ్చింది. చారు వచ్చింది. గరిటె రాలేదు.

కాసేపు ఎదురుచూసి, తిరగమోత మరిచిపోయావా ఓబక్కా అని అడిగాను. ఆవాలు అయిపోయినాయి అంది. ఆవాల బుడ్డి పొయ్యి పక్కనే, సగానికి పైగా నిండుగా ఉంది. పోనీ తెల్లగడ్డ వేయమన్నాను. ఆమె మజ్జిగ తెచ్చి పెట్టింది. తిండిపోతు మొండితనంతో నేను నూనె సంగతీ అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. సంగటి కోసం వచ్చినవాడికి అప్పుడు సంగతి తెలిసింది.

ఆ ప్రాంతంలో ఇంట్లో ఎవరికైనా మశూచి పోస్తే అమ్మవారు వచ్చిందంటారు. గడపకు వేపమండ కడతారు. అమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తిరగమోత పెట్టరు. ఆ ఘాటుకు, ఆ చిటపటకు అమ్మకు కోపమొచ్చి పొక్కులు రేగుతాయని భయం. మేము వేపమండలు చూసి ఇళ్ళలోకి దూరుతున్నామని తెలిశాక జనం మండలు కట్టడం మానేశారు. సర్కారు దగ్గర దాచవచ్చు. ఆవాలు వేయడమంటే అమ్మనే ధిక్కరించడం, అది చేతకాదు. సంతముందు అంగడి మూస్తే అనుమానం వస్తుందని తెరిచింది ఓబక్క. తెరిచింది గానీ గరిటె మాత్రం పట్టలేకపోయింది. ఊరివాళ్ళు ఒక్కరూ ఎందుకు లేరో, తిమ్మప్పకు ఆకలి ఎందుకు చచ్చిందో కూడా అప్పుడు అర్థమైంది. వాళ్ళందరికీ తెలుసు.

లోపల ఎవరున్నారని అడిగాను.

"లోపల ఎవురూ ల్యారు సామీ," అంది.

నేను లేచి లోపలికి పోయాను. రాగుల గరిసె వెనక గదిలో లింగక్క వేపాకు పరుపుమీద పడుకుని ఉంది. కళ్యాణదుర్గం వైపు ఒక పెళ్ళికి పోయి వచ్చిందట. మొహం, చేతులు చీముపొక్కులతో నిండిపోయాయి. రెప్పలు వాచి మూసుకుపోయాయి. అలికిడికి తల తిప్పి, "ఎవురు మా, సంతోళ్ళా?" అంది. "ఎవురూ ల్యా, పడుకో," అంది తల్లి.

రోగిని ఊరికి దూరంగా షెడ్డు వేసి అందులో ఉంచాలి. ఇంట్లో గుడ్డలు కాల్చాలి. అంగడి మూయాలి. చుట్టుపక్కల అందరికీ టీకాలు వేయాలి. అమల్దారుకు, అంటే తాలూకా అధికారికి, అదే రోజు మనిషిని పంపాలి. ఇదంతా ఓబక్కకు నిదానంగా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"అంగడి మూసేస్తా సామీ. కావాలంటే ఇల్లు కాల్చుకోండి. బిడ్డను మాత్రం ఊరి బయట ఏయొద్దండి. అట్ల పోయినోళ్ళు మల్లా ఊళ్ళోకి వచ్చింది మీరు యాడన్నా చూసినారా?"

ఆ ఏడాది నేను చూసినంతలో, లేదు. కానీ మర్నాడు ఆ చాపలమీద కూర్చుని తినబోయేవాళ్ళు నాలుగు దిక్కుల పల్లెల వాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కొక్క పల్లెకు దాన్ని మోసుకుపోతారు. పటేలును పిలిపించాను. సాయంత్రానికి ఊరి దక్షిణాన బయలులో ఈతాకు షెడ్డు లేచింది. మశూచి ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదు గనక తోడుండే అర్హత ఓబక్కకు ఉంది. కూతుర్ని మంచంమీద మోయించుకుని తల్లి కూడా పోయింది.

వాళ్ళు అటు పోగానే ఇటు సంతవీధిలో గొడవ మొదలైంది. ఇంటి గుట్టు సర్కారుకు ఎవరు చెప్పారు? చూరునీళ్ళ తగవు అందరికీ తెలుసు. హనుమక్క కుండలు, చేటలు వీధిలో పడ్డాయి. ఆమెకు బావిలో నీళ్ళు లేవు, ఎవరింటా నిప్పు లేదని కులపెద్దలు తేల్చేశారు. పటేలును అడిగితే అది కులం మాట, సర్కారు మాట కాదన్నాడు. హనుమక్క తన ఇసుర్రాయిని చేత్తో పట్టుకుని వీధి మధ్యలో కూర్చుని, అరవకుండా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది: "నేనెవురికి చెప్పేది? ఆ బిడ్డకు అమ్మ పోసిందని నాకు చెప్పినోళ్ళే ల్యారు కదప్పా."

అది అబద్ధం కావచ్చు. ఊరందరికీ తెలిసింది గోడ పక్కనామెకు తెలియకుండా ఉంటుందా? కానీ నాకు చెప్పింది మాత్రం ఆమె కాదు. చెప్పింది ఎవరో నాకొక్కడికే తెలుసు. ఆ పెద్దల ఎదుట నిలబడి చెప్పాను.

"నాకు మనుషులెవరూ చెప్పలేదప్పా. చారు చెప్పింది. అందులో తిరగమోత లేదు."

వెనకనుంచి ఒక ముసలాయన, "నాలికెతో పట్టినాడు," అన్నాడు, మెచ్చుకోలుగా కాదు. హనుమక్క కుండల్లో పగలనివి తిరిగి ఇంట్లోకి పోయాయి.

మర్నాడు సంత జరిగింది, తిండి అంగళ్ళు లేకుండా. నేను, పావగడ నుంచి వచ్చిన టీకాలవాడు సంత మొగదల నిలబడి చేతులు గీకాం. హొసకోటలో రెండో మనిషికి మశూచి పోయలేదు. లింగక్క మాత్రం షెడ్డుమీది పచ్చి ఈతాకు ఎండకముందే పోయింది. నియమం ప్రకారం షెడ్డు కాల్పించాం. పైనుంచి నాకు మెచ్చుకోలు వచ్చింది.

తరువాత నెలలో మంగళవాడ అవతల ఒక పల్లెకు పోయాను. పేరు అక్కర్లేదు. బండి ఊరి మొగదలకు రాగానే ఎక్కడో ఆవాలు చిటపటలాడాయి. నాలుగడుగులు పోతే ఇంకోచోట. సందుల్లో మూడు రాళ్ళు పెట్టి ఆడవాళ్ళు గరిటెలు కాగిస్తున్నారు. తెల్లగడ్డ వాసన నన్ను ఊళ్ళోకి ఎదురొచ్చి తీసుకుపోయింది. ఊరంతా ఆరోగ్యంగా ఉందని ముక్కు సాక్ష్యం చెప్పింది, పటేలూ అదే చెప్పాడు. ఇల్లిల్లూ తిరిగాను, గడపల దగ్గర నిలబడి. చేయి చాచినవాళ్ళకు టీకాలు వేశాను. నోరూరింది గనక అక్కడే తిన్నాను కూడా. తిమ్మప్ప ఆ పూట తినలేదు, బండి దగ్గరే ఉండిపోయాడు. అంతకుముందు అతను అట్లా తినకపోవడం ఒక్కసారే చూశాను, ఓబక్క అంగడి దగ్గర.

పొక్కులు చూడటానికి మళ్ళీ పోయేసరికి ఊరి బయట కొత్త మట్టిదిబ్బలున్నాయి. కొన్ని చాలా చిన్నవి. ఇళ్ళలో అమ్మ ఉన్నందుకే తిరగమోత ఇంట్లో పెట్టకుండా సందుల్లోకి తెచ్చుకున్నారు. అమ్మకు ఘాటు తగలకూడదు, నాకు తగలాలి.

తెలిసి ఎందుకు చెప్పలేదని తిమ్మప్పను అడిగాను. "నాకూ పిల్లోళ్ళుండారు సామీ," అన్నాడు. "మీకు బదిలీ అయితాది. నేను ఈ ఊళ్ళల్లోనే బండి తోలాల."

కార్తీకంలో ఓబక్క మళ్ళీ అంగడి తెరిచిందని విన్నాను. పోవాలా వద్దా అని ఆలోచించాను గానీ ఎద్దులు ఆలోచించలేదు, అక్కడే ఆగాయి. ఆమె విస్తరి వేసింది. సంగటి పెట్టింది. విసిరే మనిషి లేక పిండి కాస్త బరకగా ఉంది. చారు పోసి, గరిటె నిప్పులమీద పెట్టింది. ఆవాలు చిట్లుతుండగా, గరిటెమీదనుంచి చూపు తిప్పకుండానే అంది:

"మీ బండి కనపడితే చాలు, ఊరూరా ఇదే చప్పుడంట గదా సామీ. మీరు చెప్పిన మాటే. అందరూ నేర్చుకున్నారు."

గరిటె చారులోకి వంచింది.

"తినండి. లోపల ఎవురూ ల్యారు."

ఈసారి నిజమే. అయినా విస్తరి ముందునుంచి లేచి, గరిసె వెనక గదిలోకి పోయి చూసి వచ్చి తిన్నాను. ఆమె దానికి ఏమీ అనుకున్నట్టు కనపడలేదు.

ఆ తరువాత చాలా ఏళ్ళు, చాలా తాలూకాల్లో పనిచేశాను. ఆ పావగడ క్యాంపుల్లో నేర్చుకున్నది ఇది. రోగం ఇంట్లో ఉందని ఎట్లా తెలిసిందో చెబితే ఆ జాడ అక్కడితో చెల్లిపోతుంది. చెప్పకపోతే ఆ నింద ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. రెండూ తప్పించే దారి మా మాన్యువల్లో లేదు, నాకూ దొరకలేదు. హనుమక్క ఆ ఊళ్ళోనే ఉండిపోయింది, ఆ పల్లె బయటి దిబ్బలూ ఉండిపోయాయి. నేను మార్చగలిగింది నా పని వరస ఒక్కటే. ముందు ప్రతి ఇంటి లోపలి గది. ఆ తరువాతే భోజనం.