చాడీ చెప్పిన బొమ్మ

నలభైల నాటి మాట. పత్తర్‌గట్టి వెనక, బజారును ఆనుకున్న సందులో మాకు బర్రెల కొట్టం ఉండేది. నేను ఆరో తరగతి చదువుకునేదాన్ని. కొట్టం పెంకులు తరచూ పగులుతుంటే బాపు కోతులను తిట్టేవాడు.

ఒకరోజు మా డ్రాయింగ్ పంతులమ్మ నేను గీసిన బజారు బొమ్మ పట్టుకుని ఇంటికే వచ్చింది.

"జట్కాల కప్పులు, తలపాగాల పైభాగాలు చూడండి! ఎత్తు మీద కూర్చుని చూస్తే ఎలా కనిపిస్తాయో అచ్చం అలాగే గీసింది," అని మెచ్చుకుంది.

బాపు బొమ్మను చూశాడు. తర్వాత కొట్టం పైకప్పును చూశాడు.

"బజార్ గిట్ల కనవడాల్నంటే మా కొట్టం మీదికెల్లే జూడాలె. మంచిగ జెప్పిన్రు పంతులమ్మా, పెంకులు పలగ్గొట్టే కోతి దొరికింది!"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బొమ్మలో నేనెక్కడా లేను కదా అనుకున్నాను. నేను కూర్చున్న చోటు మాత్రం ప్రతి గీతలోనూ ఉంది.