లాగోస్‌లో ఒక్క రాత్రి

2018లో నేను గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌ని. రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. ఆగస్టు 13, సోమవారం ఉదయం పామర్రు నుంచి గ్రేస్ అనే ఎయిర్ హోస్టెస్‌ని తీసుకొచ్చి చేర్చారు. సెలవు మీద ఇంటికి వచ్చిన పిల్ల. జ్వరం మొదలై నాలుగో రోజు. ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలు.

వానాకాలంలో ప్లేట్‌లెట్లు పడిపోతే మా వైపు ముందు డెంగీ అనుకుంటాం. డ్యూటీ డాక్టరు గారు రాసిందీ ఆ పరీక్షే. వాళ్ళమ్మ రూతమ్మ గారు జూలై నెల రోస్టరు, అంటే కంపెనీ ముందుగా ఇచ్చే డ్యూటీల పట్టిక, ఆయనకు చూపించారు. అందులో దుబాయి, మస్కట్ తప్ప వేరే ఊరు లేదు.

డెంగీ నెగటివ్ వచ్చింది. మళ్ళీ రక్తం తీయడానికి వెళ్ళి, ఏ రాత్రి ఎక్కడ పడుకుందో తేదీలవారీగా చెప్పమన్నాను.

"బొప్పాయాకు రసం కూడా పోశామండీ, తగ్గలేదు. ఆ కాగితంలో అన్నీ ఉన్నాయిగా! ఒళ్ళు కాలిపోతున్న పిల్లకి పరీక్ష పెడతారేంటండీ?" అన్నారు రూతమ్మ గారు.

"కాగితం పడుకోలేదు కదమ్మా, మీ అమ్మాయి పడుకుంది," అన్నాను.

గ్రేస్ కళ్ళు మూసుకునే వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, జూలై 29 దగ్గర ఆగింది. "ఆ రోజు దుబాయి కాదాంటీ, లాగోస్. నా ఫ్రెండు వాళ్ళ పాప పుట్టినరోజని డ్యూటీ మార్చుకున్నా. ఒక్క రాత్రేగా, గదిలో ఏసీ కూడా ఉంది."

లాగోస్ లాంటి, మలేరియా ఎక్కువగా ఉండే ఆఫ్రికా ఊళ్ళకు వెళ్ళే సిబ్బందికి కంపెనీ ముందే మాత్రలిస్తుంది. అవి బయల్దేరక ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా వేసుకోవాలి. డ్యూటీ ముందురోజు సాయంత్రం మారడంతో ఆ మాత్రలు ఈమె తీసుకోలేదు. పైగా ఆ రాత్రి సిబ్బంది అందరూ హోటలు ఈతకొలను పక్కన కూర్చుని భోంచేశారట. మలేరియా దోమ కుట్టేది చీకటి పడ్డాకే. 29 నుంచి జ్వరం వచ్చిన 10వ తేదీకి పన్నెండు రోజులు. కుట్టాక జ్వరం బయటపడటానికి పట్టేది అటూఇటూగా అన్ని రోజులే. లెక్క సరిపోయింది.

డాక్టరు రాయకుండా టెక్నీషియన్ పరీక్ష చేయకూడదు. నేరుగా వెళ్ళి ఆయనకు చెప్పాను. మలేరియా స్లైడు రాసిచ్చారు. మైక్రోస్కోపులో ఒక్కసారికి కనిపించే మేర ఒక ఫీల్డు; అలాంటివి రెండు వందలు చూడాలన్నది మా నియమం. మొదటి ఫీల్డులోనే ఉంగరాల్లాంటి క్రిములు కనిపించాయి. ఫాల్సిపేరం, ప్రాణం తీసే రకం. నూటికి నాలుగు ఎర్రకణాల్లో ఉన్నాయి. గంటలోపే ఇంజెక్షన్ మొదలుపెట్టారు.

మర్నాటి నుంచి నేను వార్డులోకి వెళ్ళగానే గ్రేస్ అడిగేది, "ఈరోజు ఎంతాంటీ?" అని. నాలుగు ఒకటైంది. మూడోరోజు ఎక్కడో ఒకటీ అరా. నాలుగోరోజు రెండు వందల ఫీల్డులూ రెండుసార్లు చూశాను. సున్నా అని చెబితే రూతమ్మ గారు నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మా ఫ్రెండుకి మాత్రం చెప్పకండాంటీ, దాని వల్లే అనుకుని ఏడుస్తుంది," అంది గ్రేస్.

"ఆమెకు చెప్పను. కానీ ఆ ఈతకొలను పక్కన నీతో భోంచేసిన వాళ్ళకు చెప్పాలి కదమ్మా," అన్నాను. డాక్టరు గారు మొదటిరోజే కంపెనీ వైద్య విభాగానికి ఫోన్ చేశారని తెలిశాక ఆ పిల్ల నిద్రపోయింది.

రోస్టరు డ్యూటీ ఎక్కడ వేశారో చెబుతుంది; మనిషి ఎక్కడ ఉన్నదీ మనిషినే అడగాలి. మిగిలిన ఏడు నెలలూ జ్వరంతో వచ్చిన ప్రతి ప్రయాణికుడినీ రాత్రుల లెక్క అడిగాకే సూది తీశాను.