పానాగారు, పక్కింటి రేకులు

పానాగారికి ఎవరింటికి వెళ్లినా ముందు కప్పు కనిపిస్తుంది, ఆ తర్వాతే మనుషులు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి, రోజూ పొద్దున్నే చక్రాల నట్లు బిగించి చూసుకున్న మనిషి. రిటైరై బస్సు దిగాడు గానీ చేతిలో పానా మాత్రం దించలేదు. బిగించడానికి చక్రాలు లేక ఇళ్ల కప్పుల మీద పడ్డాడు. అసలు పేరు పెన్షను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

బావమరిది జ్వరంతో మంచాన పడ్డాడని భార్య పళ్లు పట్టుకుని బయల్దేరితే, ఈయన జేబునిండా బోల్టులు పోసుకుని వెంట వెళ్లాడు. రోగిని పలకరించకుండానే చూరు వంక చూసి నిచ్చెన అడిగాడు. నాలుగు రోజులుగా లేవని బావమరిది లేచొచ్చి నిచ్చెన పట్టుకోవలసి వచ్చింది. జ్వరం తగ్గింది తన వల్లేనని పానాగారు ఇప్పటికీ అంటాడు. సెలూన్లో గడ్డానికి తల వెనక్కి వాల్చగానే పైరేకులో బోల్టు లేని చిల్లొకటి కంటపడింది. సగం గడ్డంతో, మెడలో తువ్వాలుతో పైకెక్కేశాడు. ఆయన వీధి మొదట్లో కనిపిస్తే చాలు, జనం నిచ్చెనలు మంచాల కింద దాచేవారు. భార్యకు తల కొట్టేసినట్టుండేది.

గాలి కప్పును పైనుంచి నొక్కదనీ, చూరు కింద దూరి పైకి లేపుతుందనీ, మూల రేకు లేచిందంటే మిగతావి దాని వెనకే పోతాయనీ ఆయన కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. రేకుల మీద రాళ్లు పెట్టేవాళ్లంటే ఒళ్లు మంట. గాలికి రేకూ పోతుంది, రాయీ నెత్తిన పడుతుంది, లాభమేమిటనేవాడు.

పక్కింటి టైలరమ్మ కప్పు మీద పదకొండు రాళ్లున్నాయి. ఆవిడ ఒంటిచేత్తో ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుతోంది. ఆ కప్పు కిందే పిల్లలు, కుట్టుమిషను, కుట్టాల్సిన ఊరివాళ్ల బట్టలు. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోదు. కూర గిన్నె పంపితే ఖాళీ గిన్నె తిరిగి రాదు.

రెండు రోజుల్లో పెద్ద తుఫానని రేడియోలో చెప్పారు. పానాగారు వెళ్లి రేకులు బిగిస్తానన్నాడు. ఆవిడ మర్యాదగానే వద్దంది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వద్దంది. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే వీధిలో గొడవ వినిపించి భార్య పరుగెత్తుకొచ్చింది. చూస్తే తన మొగుడే, టైలరమ్మ గుమ్మం ముందు నిలబడి దెబ్బలాడుతున్నాడు.

"నీ మూల రేకు లేచిందంటే తిన్నగా వచ్చి మా వంటింటి మీద పడుతుందమ్మా. నా ఇల్లు నేను కాపాడుకోవాలా వద్దా? నువ్వు ఒప్పుకున్నా మానినా నేను పైకెక్కుతాను."

టైలరమ్మ ఒకసారి తన కప్పు వైపు, ఒకసారి ఊరికి తూర్పున ఉన్న సముద్రం వైపు చూసింది. "అయితే ఎక్కండి అన్నయ్యగారూ. నావల్ల మీకు నష్టం రాకూడదు" అని తనే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది.

సాయంత్రందాకా ఆయన ఆ కప్పు మీదే ఉన్నాడు. రాళ్లన్నీ దించాడు. బోల్టు బోల్టుకూ రబ్బరు వాషరు వేసి బిగించాడు, వాసాలను గోడకు ఇనప పట్టీలతో కట్టాడు.

కింద భార్యకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ ఊళ్లో తుఫాను గాలి తూర్పు నుంచి వస్తుంది. టైలరమ్మ ఇల్లు తమకు పడమర. ఆవిడ రేకు లేచినా అవతలి పొలంలో పడాలి గానీ, గాలికి ఎదురొచ్చి తమ వంటింటి మీద ఎలా పడుతుంది? పొయ్యి పొగ చూసి గాలి చెప్పే మనిషి ఇంత తప్పు మాట్లాడాడంటే, మతి తప్పుతోందేమోనని భార్య బెంగ.

అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "ఏమండీ, తుఫాను గాలి ఎటునుంచి వస్తుందండీ?"

"తూర్పు నుంచి. అది కూడా తెలీదా?" అన్నాడాయన. ఆ వెంటనే తల కంచంలోకి దించేసి గబగబా తినడం మొదలెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడకు అప్పుడు అర్థమైంది. మొగుడి మీద ప్రాణమిచ్చేంత ప్రేమ కలిగింది. మరో గరిటె కూర వేసింది.

తుఫాను వచ్చింది, ఒక రాత్రీ ఒక పగలూ ఊరిని ఊపి పోయింది. వీధిలో చాలా కప్పులు లేచాయి. టైలరమ్మ ఇంటి మీద ఒక్క రేకూ కదల్లేదు. గాలి తగ్గాక ఆవిడ ప్రహరీ దగ్గరికి వచ్చి, వంటిల్లు క్షేమమేనా వదినా అని అడిగింది.

క్షేమమేనంది భార్య.

"ఇన్నేళ్లుగా బట్టలు ఆరేస్తున్నాం కదా వదినా. మీ బట్టలు మా పెరట్లో పడ్డం చూశాను గానీ, మావి ఒక్కసారైనా మీ వైపు వచ్చాయా? గాలి ఎటో నాకు తెలీదా?" టైలరమ్మ గొంతు తగ్గించింది. "పెద్దాయన నాకోసం అంత కష్టపడి దెబ్బలాడుతుంటే, ఇంకా కాదనడానికి మనసొప్పలేదు."

ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

అప్పటికే పానాగారు వీధిలో నలుగురిని పోగేసి, తన వంటిల్లు ఎంత ప్రమాదం తప్పించుకుందో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. భార్య రాగానే సాక్ష్యం అడిగాడు.

"అవునండీ, మీరు ఎక్కబట్టి సరిపోయింది" అందావిడ.