కళ్లద్దాలావు పొదుగు కింద

"అవ్‌కీం… అవ్‌కీం… అవ్‌కీం…"

గోడ అవతలి నుంచి వస్తోంది. పాట అనడానికి లేదు, ఒకటే మాట. నిద్రలో ఎవరో ఊయల తాడు లాగుతున్నట్టు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. గాలి జాయిక్ నది మీదుగా వీచినప్పుడు దగ్గరికొస్తుంది. గాలి తిరగగానే కరుగుతున్న మంచులోకి ఇంకిపోతుంది. మధ్యలో ఒక తన్ను, పలక విరిగినంత చప్పుడు. ఆ వెంటనే ఆడగొంతు.

"మళ్లీ తన్నింది, బాబాయ్!"

"కాలికి తాడు బిగించలేదూ?"

"బిగించాను."

"అయితే నువ్వు కూడా పాడుంటావు. పాడకు తల్లీ. అది తన్నేది దూడని కాదు, నీ గొంతుని."

గోడ మలుపు తిరిగి చూశాను. బోర్లించిన బకెట్ మీద ఎసెన్‌గెల్ది అన్న కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుల్లా. ఎదురుగా చెక్కల దడి. దడికీ ఆయనకూ మధ్య నేల మీద సున్నపు గీత. ఆ గీత దాటొద్దని రైహాన్ ఆయనకు గట్టిగా చెప్పింది. రైహాన్ మా కళాశాలలో పశువైద్యం చెబుతుంది. నగరంలో పెరిగిన పిల్ల, పాట రాదు.

తల్లి దూడను దగ్గరికి రానివ్వనప్పుడు మా వాళ్లు ఆవు చెవిలో పోసే మాట అది. అర్థం అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆవుకు తెలుసంటారు.

మా వ్యవసాయ కళాశాలకు మాంసపు పశువుల మంద ఉంది. ఒళ్లంతా ఎరుపు, తల ఒక్కటే తెలుపు. దూరం నుంచి చూస్తే గడ్డి మైదానం మీద మంచు ముద్దలు మేస్తున్నట్టుంటాయి. పెరటికి ఆ చివర ఎసెన్‌గెల్ది అన్న ఈతల కొట్టం. ఈ చివర నేను విద్యార్థులకు మాంసం కోత నేర్పే హాలు, దాన్ని ఆనుకుని దుకాణం. వసంతం ఆయనది, చలికాలం ముంగిలి నాది. ఆ వసంతంలో మాత్రం నాకు పని లేకుండా పోయింది. దుకాణం తలుపుకు తాళం వేశారు. వేయించింది ఆయన చేసిన ఒక పని.

ఒకే పొద్దున రెండు ఈతలు చెడ్డాయి. మొదటిసారి చూడి కట్టిన ఒక పడుచు ఆవు, పెద్ద కోడెదూడను ఈనలేక ఈని చచ్చిపోయింది. దూడ బతికింది. వాడు బోరాన్ ఆఖరి కొడుకు. బోరాన్ మా ఆబోతు. శీతాకాలంలో నది మీద మంచు విరిగి మునిగిపోయింది. ఆ ఏడు దానికి పుట్టినవన్నీ పెయ్యలే. మందకు రేపటి ఆబోతు ఎవరంటే, గడ్డిలో వణుకుతున్న ఆ తడి ముద్ద ఒక్కడే. సీసాతో పాలు పడితే పారుడు పట్టుకుంది.

అదే పొద్దున కళ్లద్దాలావు నెలలు నిండకుండా ఈనింది. తెల్లని మొహంలో కళ్ల చుట్టూ ఎర్రని సున్నాలుంటాయి, అందుకని ఆ పేరు. దూడ చచ్చి పుట్టింది. ఆవు పొదుగు బరువుతో అరుస్తూ తిరుగుతోంది.

ఎసెన్‌గెల్ది అన్న తండ్రి చేసిందే చేశాడు, తాత చేసిందే చేశాడు. బూటులోంచి కత్తి తీసి, చచ్చిన దూడ తోలు ఒలిచి, ఆ పచ్చి తోలును తల్లి లేని దూడకు చొక్కాలా తొడిగి, పొట్ట కింద తాళ్లు కట్టాడు. కళ్లద్దాలావు వాసన చూసింది. నాకింది. పాలు చేపింది. నేనూ చూశాను. చచ్చినవాడి చొక్కా తొడుక్కుని బతికినవాడు పాలు తాగుతున్నాడు.

అప్పుడే రైహాన్ వచ్చింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు దిగిపోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

"ఎందుకు చచ్చిందో చూడకుండానే ఒలిచేశావా, బాబాయ్?"

"చచ్చిందిగా. ఇంకా చూసేదేముంది?"

"గ్లౌజులేవీ?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. బొటనవేలి మీద కత్తి గాటు, కొత్తది.

చూడి నిలవనివ్వని జబ్బొకటి ఉంది. దూడ నెలల ముందే పడిపోతుంది. మాయలోంచి, పాలలోంచి, చేతి గాట్లలోంచి మనుషులకూ ఎక్కి కీళ్లు పట్టేస్తుంది. మా వైపు దాని పేరెత్తరు, 'అది' అంటారు. ఆ నెలలోనే పొరుగు పల్లెలో ఒక మందనంతా లారీల్లో తోలుకుపోయారు. రక్తంలో 'అది' ఉందని తేలితే కళ్లద్దాలావు పోతుంది. దాని పాలు తాగిన దూడా పోతుంది. బోరాన్ వంశం అక్కడితో సరి.

రైహాన్ తోలు విప్పించి తగలబెట్టించింది. ఆవు రక్తం, చచ్చిన దూడ ముక్కలు నగరానికి పంపింది. ఎలాగూ నాకింది, ఎలాగూ తాగాడు, ఇద్దరూ ఒకచోటే ఉండనీ అని దడి కట్టించింది. తోలు పోయేసరికి ఆవుకు దూడ పరాయివాడయ్యాడు. మూతి దగ్గరికొస్తే తల వంచి కుమ్మింది, వెనక నుంచి వస్తే తన్నింది.

అందుకే ఆయన బకెట్ మీద కూర్చున్నాడు. గీత దాటేది పాట ఒక్కటే.

ఆయన పుట్టింది చలికాలపు మకాంలో, గొర్రెల వెచ్చదనం మధ్య. సర్కారు మంద చెదిరిపోయి ఎవరికి దొరికింది వాళ్లు తోలుకుపోయిన రోజుల్లో, మిగిలిన కొన్ని తెల్ల తలలను కళాశాల గేటు లోపలికి తోలి, తనూ లోపలే ఉండిపోయాడు. పశువుల్ని పైకి లెక్కపెట్టడు. లెక్కపెడితే తగ్గుతాయట. మెచ్చుకోడు, మెచ్చుకోనివ్వడు. శరత్తులో కోతకు వచ్చే ప్రతి కోడెతోనూ నా హాలు దాకా నడిచొస్తాడు. గుమ్మం దగ్గర రెండు అరచేతులూ తెరిచి, నీ తప్పేమీ లేదు, మాకే తిండి కావాలి, కోపం పెట్టుకోకు అని చెప్పి, ఆ చేతులతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగిపోతాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర దాని పక్కటెముకే అడిగి మరీ తింటాడు. అందులో ఆయనకు ఏ తిరకాసూ కనిపించదు.

వంటశాల కుల్జిపా ఆయన ఈడుది. ఒకే ఏడు పుట్టినవాళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు మాలో. ఆమె టీ తెచ్చి ఆయన పక్కన నేల మీద పెట్టి దూరం జరిగింది.

"ఈ కప్పు నీకే. మళ్లీ నా గిన్నెల్లో కలిపావో, దూడ తోలు నువ్వొలిచావు, నీ తోలు నేనొలుస్తా."

"ఒలిచి ఎవరికి తొడుగుతావే?"

"ఎవడికి తొడిగినా వాణ్ణి నీ పెళ్లామే తన్ని తరుముతుంది." నవ్వబోయి ఆగింది. గొంతు తగ్గించింది. "కీళ్ల నొప్పులున్నాయా?"

"ఎప్పుడు లేవు గనక?"

"ఆస్పత్రికి వెళ్లి నీ రక్తం కూడా ఇవ్వొచ్చుగా, మొండోడా."

"ముందు దానిది రానీ."

దుకాణం దగ్గర నాదీ అదే బతుకు. తాళం చూసి కూడా జనం కిటికీ కొట్టేవాళ్లు.

"మాంసం లేదా?"

"లేదు."

"అదేనటగా?"

"ఇంకా తెలీదు."

"తెలీకపోతే మూశారెందుకు?"

"తెలీకే మూశాం."

రోజూ పొద్దున ఆకాశం నానిన దుప్పటిలా మా మీదికి జారేది. దూడ లేచేవాడు, కాళ్లు మడత పడేవి, మళ్లీ పడుకునేవాడు. అన్న గొంతు బొంగురుపోయింది. పాడటం మాత్రం ఆపలేదు.

ఒక మధ్యాహ్నం రైహాన్ దడి లోపల నుంచి అంది, "బాబాయ్, దీని పాలే పిండి దూడ వీపు మీద పోస్తాను. పైన ఉప్పు చల్లుతాను. తన వాసనేగా, నాకుతుందేమో."

"పోయి చూడు. నేను పాడుతుంటా."

చెక్కల సందులు చిన్నవి. గీత ఇవతల కూర్చున్న మాకు కనిపించేది రైహాన్ రబ్బరు బూట్లు, ఆవు గిట్టలు, అంతే. పాలు బకెట్‌లో పడిన చప్పుడు. బూట్లు అటు జరిగాయి. ఆవు గాలి పీల్చింది, పొడుగ్గా, అనుమానంగా. తర్వాత గరగరమని, గచ్చు మీద చీపురు ఈడ్చినట్టు నాలుక చప్పుడు. అన్న పాట ఆగిపోయింది.

"ఆపకు!" అంది రైహాన్, లోపలి నుంచి.

"అవ్‌కీం…"

ఆ మాట కింద మరో చప్పుడు మొదలైంది. చప్పరింత. ఆగి, గుటక. మళ్లీ చప్పరింత. ఆవు చేపింది.

ఆయన సంతోషిస్తాడనుకున్నాను. మొహం ఇంకా బిగుసుకుంది.

"తమ్ముడూ, వాడు తాగేది పాలో, విషమో."

అక్కడి నుంచి భయం రెట్టింపైంది. తాగకపోతే పోతాడన్న భయం మాకు అలవాటైంది. ఇప్పుడు ప్రతి గుటకా లెక్కలోకి వస్తోంది. దూడ కాళ్లు నిలదొక్కుకున్నాడు, ఒంటి మీద వెంట్రుక మెరుపు పట్టింది. ఆ మెరుపును చూసేందుకు ఆయన జంకేవాడు. తల పక్కకు తిప్పుకుని పాడేవాడు.

ఫోను వచ్చినప్పుడు రైహాన్ గీత దగ్గర బూట్లు కడుగుతోంది. చెవికి ఆనించుకుని మాకు వీపు తిప్పి గోడ దాకా నడిచింది. ఆ వీపునే చూస్తూ కూర్చున్నాం. వీపు మీద ఏమీ కనిపించదు. అన్న బకెట్ మీంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. ఆమె భుజాలు ఒకసారి పైకి లేచి, దిగాయి.

"సుయిన్‌షి!" అని అరిచింది, తిరుగుతూనే. "సుయిన్‌షి, బాబాయ్! అది లేదు! దూడ కడుపులోనే బొడ్డుతాడు మెలికపడి చచ్చిందట! ఆవు శుభ్రం! ఇంకోసారి రక్తం అడుగుతారు, అడగనీ!"

మంచి కబురు తెచ్చినవాళ్లు ఆ మాట అంటే, చేతిలో ఉన్నదేదో బహుమానంగా ఇచ్చి తీరాలి. అన్న జేబులు తడుముకున్నాడు. ఏమీ లేవు. వంగి బూటులోంచి కత్తి తీశాడు. కొమ్ము పిడి, అరిగిన అలుగు. గీత మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"సలసలా మరగబెట్టి నీ దగ్గరే ఉంచు, తల్లీ. ఇంకోసారి దూడ చస్తే నువ్వు చూడు. చూసి, ఒలవొచ్చంటే, అప్పుడు నా చేతికియ్యి."

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి వెళ్లి చెయ్యి చాపాడు. ఆయన రక్తంలోనూ ఏమీ లేదు. కళ్లద్దాలావు రెండో రక్తమూ శుభ్రమన్నారు. గీత వాన్లకు కొట్టుకుపోయింది. దుకాణం తెరిచాం.

శరత్తు చివర, మైదానం తుప్పు రంగుకు తిరిగాక, కోతకు కోడెలను తోలుకొచ్చాడు. గుమ్మం దగ్గర అరచేతులు తెరిచాడు, మాట చెప్పాడు, మొహం తుడుచుకున్నాడు. తిరిగి వెళ్తూ దడి దగ్గర ఆగాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. కళ్లద్దాలావు పక్కన వాడు మేస్తున్నాడు. వెడల్పాటి వీపు, తెల్లని తల, తండ్రికున్నట్టే మెడ మీద రింగుల జుట్టు. ఆ చలికాలంలోనే, మొదటి పెద్ద మంచు తుఫానుకు ముందు, ఎసెన్‌గెల్ది అన్న గుండె ఆగింది. ఆ రోజు దడి దగ్గర అనుకున్న మాటల తర్వాత మేం మళ్లీ మాట్లాడుకున్నది లేదు.

"అన్నా, వాణ్ణి చూశావా, ఎంత—" అన్నాను.

చెయ్యి అడ్డం పెట్టాడు, నా నోటికి కాస్త ఇవతల.

"బాగున్నాడనకు తమ్ముడూ. ఊరికే చూడు."