మా బావ ఎగరెయ్యని విమానం

మా అక్క మొగుడు, నా బావ, కిందటి వారం జమ్మికుంటలో పోయాడు. కబురు అందగానే ఏడ్చుకుంటూ బస్సెక్కాను. తీరా వెళితే చావింటి ముందు ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. “విమానం ఎగరేస్త అని ఎగరెయ్యలే సూడు, గా సారేనా?” అని ఒకాయన అడిగాడు. నా ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. అవును, ఆ సారే. ఎగరెయ్యలేదు. అయితే ఏమిటట?

అప్పట్లో ఆయన బెల్లంపల్లిలో ఒక బడిలో చేతిపనుల మాస్టరు. టెంపరరీ నౌకరీ. నేనూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని. నిర్మల్ బొమ్మలు చెక్కే తేలికైన పొనికి కర్ర తెప్పించి బారెడు రెక్కల విమానం చేశాడు. దానికి గుప్పెట్లో పట్టేంత ఫోర్ స్ట్రోక్ ఇంజను సొంతంగా తయారుచేశాడు. టూ స్ట్రోక్ అయితే సులువు కదా అని ఎవరో అంటే, దానికి అరుపెక్కువ, అరిచేది ఇంట్లో ఒకటుంది చాలు అన్నాడట. అక్క వినేటట్టే అన్నాడు, గరిటె దెబ్బా తిన్నాడు.

విమానం ముక్కుకున్న ఫంకా వేలితో తిప్పగానే ఇంజను అందుకుంటే మేము చప్పట్లు కొట్టేవాళ్లం. ఆయన ముఖం కదిలేది కాదు. బాగా వేడెక్కనిచ్చి, ఆపి, మళ్లీ తిప్పేవాడు. అప్పుడు అందుకోవాలి. మెల్లగా తిరిగేటప్పుడు ఆరిపోకూడదు, ముక్కు పైకెత్తితే దగ్గకూడదు. “సల్లగున్నప్పుడు అందరు మంచోళ్లే పిల్లా, ఉడుకెక్కినంక సూడాలె” అనేవాడు. నాకొచ్చిన సంబంధాన్ని కూడా అలాగే చూశాడు మహానుభావుడు. పెళ్లికొడుకును పేకాటలో వరసగా ఓడించి, పైగా వాదన పెట్టుకుని, గొంతు లేస్తుందేమోనని కాచుకున్నాడు. లేవలేదు కాబట్టే నాకు పెళ్లయింది!

ఆ విమానం సంగతి విని ఒక పెద్ద అధికారి బడికి వచ్చాడు. మంచివాడే. విమానం ఎగిరితే నౌకరీ పర్మినెంటు చేయమని రాస్తానన్నాడు. అక్క అప్పుడు కడుపుతో ఉంది. ఆ విమానం దానంతటది ఎగిరిపోయేది కాదు. దానికి కట్టిన రెండు తీగలు పట్టుకుని బావ నడుమ నిలబడితే, అది ఆయన చుట్టూ తిరగాలి. ఇంజను పైన ఆగిందంటే తీగలు వదులై ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఎగరేసే రోజు సాయంత్రం ఆ ఇరుకు బడి ఆవరణలో, చుట్టూ గీసిన సున్నం గీతకు ఆనుకుని బడి పిల్లలంతా కూర్చున్నారు. వెనక్కి జరపడానికి జాగా లేదు, వెనక గోడ.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అందరూ చప్పట్లు. బావ కాసేపు తిరగనిచ్చి తానే ఆపేశాడు. వేడి మీద మళ్లీ తిప్పాడు. రాలేదు. వేలు చీరుకుపోయేదాకా తిప్పితే వచ్చింది, ముక్కు ఎత్తగానే దగ్గి చచ్చింది. చల్లారనిచ్చి ఒక్క చుట్టు తిప్పమని అధికారి బతిమాలినట్టే అడిగాడు.

“ఎగురుతది సార్” అన్నాడు బావ. “ఎప్పుడు ఆగుతదో నాకు తెల్వది. తెల్వనిదాన్ని పిల్లల నెత్తి మీద తిప్ప.”

ఆ ఏడాది సెలవుల తరువాత నౌకరీ లేదన్నారు. చుట్టాలంతా మీద పడ్డారు. అక్క మాత్రం “నౌకరి పోయింది, మనిషి పోలే” అని వాళ్ల నోళ్లు మూయించింది. తరువాత జమ్మికుంట చుట్టుపక్కల బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసుకుని బతికాడు. ఆ చిన్న ఇంజనును ఎన్నిసార్లు విప్పి బిగించినా వేడి మీద మొండికేస్తూనే ఉంది. అంతకన్నా మొండివాడు మా బావ. నమ్మకం కుదిరిందని చివరిదాకా అనలేదు.

పిరికివాడనేవాళ్లు అనుకోనీ. నాకు ఆ సాయంత్రం కళ్లముందు నుంచి పోదు. సున్నం గీత చుట్టూ కూర్చున్న పిల్లలు లేచి, లాగులకంటిన దుమ్ము దులుపుకున్నారు. కొందరు ఏడ్చారు, కొందరు బావను తిట్టారు. తిట్టుకుంటూనే ఇళ్లకు వెళ్లారు. అందరూ వెళ్లారు, ఒక్కరు కూడా తగ్గకుండా.